రెండు దొంగతనాలు, ఒకే విచారణ

ఈ రకం నవలలకు తెలుగువారు పెట్టుకున్న పేరు చాలా అర్థవంతమైనది. ఇంగ్లీషువారు ‘మిస్టరీ’ అని ఊరుకున్నారు. ఆ మాటలో రహస్యం ఒక్కటే ఉంది. మనవారు ‘అపరాధ పరిశోధన’ అన్నారు. ముందు అపరాధమేదో తేలాలి, ఆ తరువాతనే అపరాధి కోసం వెతకాలి అన్న క్రమం ఆ పేరులోనే ఉంది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను అట్టలు ఊడిన ప్రతులలో చదివిన మా తరంవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే అపరాధమేదో సరిగా తేల్చుకోకుండానే పరిశోధనకు దిగితే ఏమవుతుంది? ఇటీవల మా ఊరి గ్రంథాలయంలో జరిగిన ఒక చర్చ ఈ ప్రశ్నను మా ముందు పెట్టింది. దానిని పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. దొంగ ఎవరో ఇందులో చెప్పక తప్పదు గనుక, నవలను చదివి ఆనందించదలచినవారు ముందు దానిని చదివి, ఆ తరువాత ఈ పుటలకు రావలసిందిగా మనవి.

మా మునిసిపల్ గ్రంథాలయంలో నెలకొకసారి పుస్తక పఠన బృందం కూడుతుంది. వచ్చేవారు పది పన్నెండుమందికి మించరు. వారిలో రిటైరైన నర్సులు, గుమాస్తాలు, గృహిణులు, ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులు ఉన్నారు. తెలుగు కుటుంబాలవారం నలుగురం. 1953 నాటి ప్రత్యేక సదుపాయాల చట్టం 1990లో రద్దయ్యేదాకా ఈ దక్షిణాఫ్రికాలో బీచీలు, బెంచీలు, గ్రంథాలయాలు కూడా మనిషి రంగును బట్టి పంచబడి ఉండేవి. అటువంటి దేశంలో జూలూ, తమిళ, తెలుగు, గుజరాతీ, ఇంగ్లీషు ఇళ్ళవారు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే పుస్తకం మీద వాదించుకోవడం చిన్న విషయం కాదు. ఈసారి మేము చదివినది విల్కీ కాలిన్స్ వ్రాసిన ‘ది మూన్‌స్టోన్’.

ఈ నవల 1868 జనవరి నుంచి ఆగస్టు దాకా చార్లెస్ డికెన్స్ నడిపిన ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ వారపత్రికలో ధారావాహికంగా వచ్చింది. ఇంగ్లీషు అపరాధ పరిశోధక నవలలలో ఇదే మొదటిదీ, ఉత్తమమైనదీ అని కవి టి.ఎస్. ఎలియట్ మెచ్చుకున్నాడు. మొదటిదా కాదా అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. తరువాతివారు వాడుకున్న సామగ్రి చాలావరకు ఇందులోనే ఉందన్నది మాత్రం నిజం. పల్లెటూరి పెద్ద భవంతి, ఇంటిలోనివారందరిపైనా అనుమానం, చేతగాని స్థానిక పోలీసు, పట్నం నుంచి వచ్చే నిపుణుడు, జరిగిన సంఘటనను మళ్ళీ జరిపి చూడడం, ఎవరూ ఊహించని దొంగ, ఇవన్నీ ఇక్కడ కనిపిస్తాయి. 1860లో రోడ్ అనే గ్రామంలో జరిగిన శిశుహత్య కేసునూ, దానిని విచారించిన జోనథన్ విచర్ అనే పోలీసు అధికారినీ కాలిన్స్ మనసులో పెట్టుకున్నాడు. ఆ కేసులో మాయమైన రాత్రిగౌనే ఈ నవలలో రంగు మరక అంటిన రాత్రిచొక్కాగా మారింది.

కథ క్లుప్తంగా ఇది. 1848 జూన్ 21న, యార్క్‌షైర్‌లోని ఒక జమీందారీ భవనంలో, రేచెల్ వెరిండర్ అనే అమ్మాయికి పద్ధెనిమిదవ పుట్టినరోజు కానుకగా ఒక పచ్చని వజ్రం వస్తుంది. అది ఆమె మేనమామ హెర్న్‌కాజిల్ వీలునామాలో వ్రాసి ఇచ్చినది. ఆ రాత్రే వజ్రం మాయమవుతుంది. చుట్టుపక్కల ముగ్గురు హిందూ దేశస్థులు గారడీవాళ్ళ వేషంలో తిరుగుతూ ఉంటారు గనుక అందరి అనుమానమూ వారిమీదికి పోతుంది. గులాబీ మొక్కలంటే ప్రాణం పెట్టే సార్జెంట్ కఫ్ లండన్ నుంచి వచ్చి, తలుపుకు వేసిన పచ్చి రంగు చెరిగి ఉండడం పట్టుకుంటాడు. ఆ రంగు అంటిన బట్ట దొరికితే దొంగ దొరికినట్లే. కాని ఆయన రేచెల్‌నే అనుమానించి పొరబడతాడు. దొంగను పట్టించడానికి అందరికంటే ఎక్కువగా శ్రమపడిన ఫ్రాంక్లిన్ బ్లేక్ చేతికి చివరకు ఆ రాత్రిచొక్కా దొరుకుతుంది. దానిపైన ఉన్నది అతని పేరే. డాక్టరు చెప్పకుండా ఇచ్చిన నల్లమందు మత్తులో, వజ్రాన్ని భద్రపరచాలన్న ఆదుర్దాతో, తానే దానిని తీశాడు. అతని చేతినుంచి అది పరోపకారిగా పేరుమోసిన గాడ్‌ఫ్రీ ఏబుల్‌వైట్‌కు చేరింది. అప్పులలో మునిగిన ఆ పెద్దమనిషి దానిని లండన్ వడ్డీ వ్యాపారి దగ్గర తాకట్టు పెట్టాడు.

వెతికేవాడికి తన పేరే దొరికే ఆ ఘట్టం దగ్గర మా బృందంలో పుస్తకం ముందే చదివినవారు సైతం మళ్ళీ ఆగిపోయామన్నారు. కాలిన్స్ న్యాయశాస్త్రం చదివినవాడు. అందుకే కథను తాను చెప్పక, ఒక్కొక్క సాక్షి చేత చెప్పించాడు. ప్రతివారూ తాము కళ్ళారా చూసిన మేరకే వ్రాయాలన్నది నియమం. రాబిన్సన్ క్రూసో నవలను పవిత్ర గ్రంథంలా తిప్పి చూసుకునే ముసలి గృహనిర్వాహకుడు బెటరిడ్జ్, కనిపించినవారికల్లా మతప్రచార కరపత్రాలు పంచే మిస్ క్లాక్, లెక్క తప్పని లాయరు బ్రఫ్, ఇలా ఎవరి గొంతు వారిదే. ఒకరు చెప్పినది మరొకరి మాటల పక్కన పెట్టి చూసుకునే పని పాఠకుడిది. ఈ శిల్పం గురించీ, గాడ్‌ఫ్రీని ఎవరు ఎక్కడ పసిగట్టారన్న దాని గురించీ ఆనాడు గంటకు పైగా సంతోషంగా మాట్లాడుకున్నాము.

అప్పటిదాకా మౌనంగా ఉన్న ఒక జూలూ ఉపాధ్యాయిని అడిగింది: “మొదటి అధ్యాయంలోనే దొంగ దొరికాడు గదా! ఇంకా ఎవరిని వెతుకుతున్నాం?”

ఆమె అన్నది నవలకు ముందున్న ప్రస్తావన గురించి. అది 1848లో కాదు, 1799లో, యార్క్‌షైర్‌లో కాదు, శ్రీరంగపట్టణంలో జరుగుతుంది. మే 4న ఇంగ్లీషు సైన్యం కోటలోకి జొరబడింది. టిప్పు సుల్తాను మరణించాడు. ఆ కల్లోలంలో హెర్న్‌కాజిల్ ఆయుధాగారంలో చేతిలో నెత్తురోడుతున్న కత్తితో కనిపిస్తాడు. ఆ కత్తి పిడిలోనే వజ్రం పొదిగి ఉంది. కాళ్ళ దగ్గర కాపలావారి శవాలున్నాయి. ఈ సంగతి వ్రాసినవాడు అతని దాయాదే. చంపుతుండగా తాను కళ్ళతో చూడలేదు గనుక నేరారోపణ చేయలేనని చెప్పి, అతనితో మాటలు మానేసి ఊరుకుంటాడు. ఆ హెర్న్‌కాజిల్ వదిలిపోయిన సొత్తే రేచెల్‌కు పుట్టినరోజు కానుక అయింది. రెండవ దొంగతనం మీద నవలలో వందల పుటల విచారణ జరిగింది. మొదటి దానిమీద విచారణే లేదు. మా బృందమూ అదే నిష్పత్తిలో కాలం పంచిపెట్టింది.

ఆ ప్రశ్నతో చర్చ దారి మారింది. ఈ నేలమీద 1905లో దొరికిన కలినన్ వజ్రం 3,106 కారట్లది. 1907లో దానిని ఏడవ ఎడ్వర్డు రాజుకు కానుకగా ఇచ్చారు. దానిలో పెద్ద ముక్క ఇంగ్లండు రాజదండంలో ఉంది. ఆ సంగతి ఒకరు గుర్తుచేశారు. కోహినూరు మాట మరొకరు ఎత్తారు. అప్పుడు మా సంఘానికే చెందిన ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. మేము తాతగారని పిలిచే ఆయన, మావైపు తిరిగి తెలుగులోనే, “ఏం మాస్టారూ, ఏ పుస్తకం తెరిచినా మన గాయమే వెతుక్కోవాలా? సరదాగా ఒక కథ చదువుకోలేమా?” అన్నారు. ఆ తరువాత చర్చ ముగిసిందిగాని ఆయన మాట మాతోనే ఇంటికి వచ్చింది.

తాతగారి మాటలో సత్యముంది. ప్రతి కథనూ మన ఫిర్యాదుకు సాక్ష్యంగా లాక్కువచ్చే విమర్శ కథకు అన్యాయం చేస్తుంది. ఈ నవల విషయంలో మాత్రం ఆ ప్రశ్నను మేము బయటినుంచి తెచ్చిపెట్టలేదు. గ్రంథకర్తే దానిని గడపమీద పెట్టాడు. కోహినూరునూ, రష్యా రాజదండంలోని వజ్రాన్నీ ఆధారం చేసుకున్నానని పీఠికలో చెప్పుకున్నాడు. శ్రీరంగపట్టణంతో తెరతీసి సోమనాథంతో తెరదించాడు. ఇంగ్లీషు భవనం మధ్యలో వచ్చే బస మాత్రమే. పైగా, ప్రశాంతమైన తమ ఇంటిమీదికి ఒక పాడు హిందూ దేశపు వజ్రం దండెత్తి వచ్చిందని బెటరిడ్జ్ వాపోతాడు. దండెత్తినది ఎవరి ఇంటి మనిషో ప్రస్తావనలో చదివివచ్చిన పాఠకుడికి ఆ మాటలోని చమత్కారం తెలుస్తుంది. ప్రస్తావన దాటవేసి చదివినవాడికి బెటరిడ్జ్ ఉత్త అమాయకపు ముసలివాడే. కాబట్టి తాతగారు కోరిన సరదా కూడా మొదటి అధ్యాయం చదివినవారికే పూర్తిగా దక్కుతుంది.

తెలుగువారికి ఆ ప్రస్తావన మరీ పరాయిది కాదు. 1799 యుద్ధంలో కంపెనీ పక్కన నైజాము సేన కూడా నడిచింది. మైసూరు యుద్ధాలలో తన వాటాగా వచ్చిన సీమలను నైజాము 1800లో కంపెనీకి ధారపోశాడు. అవే దత్తమండలాలు, నేటి రాయలసీమలో అధికభాగం. ఆ కోట కూలినప్పుడు మన జిల్లాల సరిహద్దులు కూడా కదిలాయన్నమాట.

మన ఇళ్ళలో ఏటేటా వినాయక చవితినాడు వినే శమంతకమణి కథను దీని పక్కన పెట్టి చూస్తే మరొక సంగతి బోధపడుతుంది. అదీ మణి పోయిన కథే. కృష్ణుడిపైన నీలాపనింద పడుతుంది. ఆయన అడుగుజాడలు పట్టుకుని అడవికి పోయి, ప్రసేనుణ్ణి చంపిన సింహాన్నీ, సింహాన్ని చంపిన జాంబవంతుణ్ణీ వరుసగా కనుగొంటాడు. అచ్చమైన అపరాధ పరిశోధన. మణి చేతికి వచ్చాక కృష్ణుడు చేసిన మొదటి పని దానిని సత్రాజిత్తుకు తిరిగి ఇవ్వడం. నింద పోవాలంటే సొత్తు సొంతదారుకు చేరాలి. ఫ్రాంక్లిన్ బ్లేక్ కూడా నింద పోగొట్టుకోవడానికే జాడలు పట్టాడు. తాను దొంగ కాదని రేచెల్ ముందు నిరూపించుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు. వజ్రం రేచెల్‌దేనా అని ఆ ఇంటిలో గట్టిగా అడిగినవారు లేరు. అతను వజ్రాన్ని తీసినది భద్రపరచడానికేనని నవల మనకు నచ్చజెబుతుంది. ఇతరుల సొత్తును తీసుకున్నవారందరూ చెప్పే మాట అదే కదా! ఈ పోలికను కాలిన్స్ ఉద్దేశించాడో లేదో గాని, చేతిలో పుస్తకముండగా చూడకుండా ఉండలేము.

ఇక లోపాల మాట. కాలిన్స్‌కు హిందూ దేశం పుస్తకాలలో చూసినదే. సోమనాథంలో కొలువై ఉన్నది శివుడు, లింగరూపంలో. నవలలో నాలుగు చేతుల చంద్రదేవుడి విగ్రహమూ, దాని నొసట వజ్రమూ కల్పన. మన కావ్యాలు చెప్పే చంద్రకాంతశిల వెన్నెలకు కరిగేది, అది వజ్రం కాదు. ఇవి చిన్నవి. ఇంతకంటే పెద్ద లోపం ఆయన సాక్షుల పట్టికలో ఉంది. చిన్నా పెద్దా కలిపి ఈ కథ చెప్పేవారు పదిమందికి పైనే. ఓడ కెప్టెన్ కూడా వాఙ్మూలమిచ్చాడు. వజ్రం కోసం సముద్రాలు దాటి, కులం పోగొట్టుకుని, ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్న ఆ ముగ్గురు బ్రాహ్మణులలో ఒక్కరికీ ఒక్క పుట దక్కలేదు. వారి తరఫున మర్త్‌వైట్ అనే ఇంగ్లీషు యాత్రికుడు మాట్లాడతాడు. వారిలో ఒకడు లాయరు బ్రఫ్ దగ్గరికి మర్యాదగా వచ్చి, అప్పు తీర్చడానికి సాధారణంగా ఎంత గడువు ఇస్తారని అడుగుతాడు. ఏడాది అని బ్రఫ్ చెబుతాడు. తాకట్టులోని వజ్రం ఎప్పుడు బయటికి వస్తుందో ఆ ఒక్క ప్రశ్నతో వారు తెలుసుకున్నారు. పుస్తకమంతటిలో అంత తెలివైన పరిశోధన సార్జెంట్ కఫ్ కూడా చేయలేదు. అయినా అది బ్రఫ్ సాక్ష్యంలో ఒక వింత అనుభవంగానే మిగిలింది. వారు చివరకు గాడ్‌ఫ్రీని చంపి వజ్రాన్ని తీసుకుపోతారు. హత్యను మేము సమర్థించము. న్యాయస్థానం తలుపు ఎవరికోసం తెరిచి ఉందో, ఎవరికోసం లేదో చూపడం మాత్రం విమర్శకుని విధి.

మాట దక్కనివారు వీరు ముగ్గురే కాదు. ఫ్రాంక్లిన్ వజ్రం తీయడం కళ్ళారా చూసిన రేచెల్‌కు స్వంత వాఙ్మూలం లేదు. పూర్వం దొంగతనానికి శిక్షపడి, మారి, పనిమనిషిగా బతుకుతున్న రోజానా స్పియర్‌మన్ మాట ఊబిలో ప్రాణం తీసుకున్న తరువాత దొరికిన ఉత్తరంలోనే వినిపిస్తుంది. నల్లమందు చిక్కుముడి విప్పినవాడు ఎజ్రా జెన్నింగ్స్. వలసదేశంలో పుట్టినవాడు. తండ్రి ఇంగ్లీషువాడని చెబుతాడు గాని తల్లి ఎవరో చెప్పడు. ఊరివారు అతని రంగు చూసి దూరంగా ఉంటారు. అతను చనిపోతూ తన డైరీలనూ, పూర్తికాని గ్రంథాన్నీ తనతోనే పాతిపెట్టమంటాడు. ఫ్రాంక్లిన్‌కు కావలసిన కొన్ని కాగితాలు మాత్రమే బయట మిగిలాయి. కాలిన్స్ ఈ మనుషులను ప్రేమతోనే వ్రాశాడు. అందులో సందేహం లేదు. అయితే ఇంగ్లీషు ఇంటికి పనికివచ్చిన మేరకే వారి మాటలు నవలలో నిలిచాయి.

ఈ విషయం మన సంఘంవారికి ఇతరులకంటే త్వరగా తగలడానికి కారణముంది. 1860 నుంచి 1911 దాకా ఒప్పందపు కూలీలుగా నేటాలుకు వచ్చిన 1,52,184 మంది ఓడ జాబితాలలో ఉన్నారు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తు. వ్రాసినవాడు గుమాస్తా. విశాఖపట్నం నుంచో, చిత్తూరు నుంచో ఎందుకు బయలుదేరావని అడిగే గడి ఆ పట్టికలో లేదు. అడిగినప్పుడు ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. ఈ నవల వచ్చిన మూడేళ్ళకు, 1871లో, గడువు తీరి మద్రాసుకు తిరిగివెళ్ళిన కూలీలు తాము పడిన బాధలు అక్కడి అధికారులకు చెప్పుకున్నారు. ఆ మాటల ఫలితంగా 1872లో నేటాలులో విచారణ సంఘం ఏర్పడింది. 1866లో ఆగిన ఓడలు 1874లోగాని మళ్ళీ కదలలేదు. అంతకు ముందు కూలీల పరిస్థితి మీద ఎవరికీ లేని శ్రద్ధ వారి స్వంత వాఙ్మూలంతో వచ్చింది.

నవలలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా కదిలించినది చివరి ఘట్టం. 1850లో మర్త్‌వైట్ సోమనాథం దగ్గర ఉత్సవం చూస్తాడు. వజ్రం తిరిగి విగ్రహం నొసట వెలుగుతూ ఉంటుంది. దాని కోసం సముద్రం దాటిన ముగ్గురూ ఒకరినొకరు కౌగిలించుకుని, పాపపరిహారార్థం మూడు దిక్కులకు విడిపోతారు. మళ్ళీ ఎన్నడూ కలుసుకోకూడదు. ఒకే ఓడలో వచ్చినవారు బంధువులకంటే ఎక్కువని మన అవ్వలు చెప్పేవారు. డర్బన్ రేవులో దిగిన కొద్ది రోజులకే వారిని తలా ఒక తోటకు పంపేవారు. ఒకే సముద్రం దాటినవారు వేరువేరు దారులు పట్టడమంటే ఏమిటో మనవారికి తెలుసు. కాలిన్స్‌కు మనవారి సంగతి తెలియకపోవచ్చు. ఆ ఎడబాటు బరువు మాత్రం ఆయన కలానికి తెలిసింది. ఆ రెండు పుటలకోసమైనా ఆయన లోపాలను క్షమించవచ్చును.

ఇంత చెప్పిన తరువాత మా తీర్పు ఇది. ‘మూన్‌స్టోన్’ తప్పక చదవదగిన నవల. కట్టుదిట్టమైన కథ, జీవమున్న పాత్రలు, చివరిదాకా నిలబడే ఉత్కంఠ ఇందులో ఉన్నాయి. మధ్యలో మిస్ క్లాక్ భాగం కొంత సాగుతుంది, ఓపిక పట్టాలి. దీనిని సామ్రాజ్యాన్ని ఎదిరించిన గ్రంథమని ఆకాశానికి ఎత్తడం సరికాదు. నల్లవారిని హంతకులుగా చూపిన పుస్తకమని అవతల పారవేయడమూ సరికాదు. మొదటి అపరాధాన్ని చూడగల కళ్ళు రచయితకు ఉన్నాయి. దానికి సాక్షులను పిలవగల ధైర్యం సగమే ఉంది. మిగిలిన సగం పాఠకులు పూరించాలి.

పూరించవచ్చు కూడా. మా శనివారపు తెలుగు తరగతిలో పిల్లలకు ఈ కథ చెప్పి, ఆ ముగ్గురిలో ఒకరి వాఙ్మూలం అరపుటలో వ్రాయమన్నాము. అక్షరాలు ఇంకా కూడబలుక్కునే వయసు వారిది. ఒక అమ్మాయి ఇలా వ్రాసింది: “మేము దొంగలము కాదు. మాది మాకు ఇమ్మని అడగడానికి వచ్చాము. ఎవరిని అడగాలో ఎవరూ చెప్పలేదు.” వత్తులూ దీర్ఘాలూ దిద్దవలసి వచ్చింది గాని, మాటలలో దిద్దవలసినదేమీ లేకపోయింది.

ఆ కాగితాన్ని తాతగారికి చూపించాము. రెండుసార్లు చదివి, తన తాత ఏ ఓడలో వచ్చాడో నంబరుతో సహా చెప్పారు. ఇంతకాలం మాకు చెప్పలేదేమని అడిగితే, అడిగినవారు లేరన్నారు. మన సభల శాఖలలో పుస్తక పఠన బృందాలు పెట్టదలచినవారికి ఒక సూచన చేస్తున్నాము. ఇటువంటి నవల ఒకటి తీసుకోండి. ప్రస్తావనను అందరి ఎదుట బిగ్గరగా చదివించండి. చర్చ అయిన తరువాత అక్కడున్న పెద్దలను, మీ ఇంటివారు ఏ ఊరినుంచి, ఏ ఓడలో వచ్చారని అడగండి. వారు చెప్పినది చెప్పినట్లుగా తెలుగులో వ్రాసి తేదీ వేయండి. పత్రికకు పంపితే సంతోషమే. పంపకపోయినా ఇంటిలో భద్రంగా ఉంచండి.